చేతిలో పది రూపాయలు: కొండ మీది సినిమాకి ప్రాజెక్టు డైరీ

స్క్రిప్టు, నాలుగో ప్రతి

కథ చిన్నది. విజయవాడలో కొండవాలున ఒక రేకుల గది. అందులో పదిహేడేళ్ల తల్లి, నాలుగు నెలల కూతురు. మొగుడు తాపీ పనికని బెంగళూరు వెళ్లాడు, ఫోను స్విచాఫ్. గుడి దారిలోని పూల కొట్లకి ఇంట్లోనే కూర్చుని మూరల లెక్కన దండలు కడుతుంది. కథాకాలం ధనుర్మాసంలో ఆరు రోజులు, మధ్యమధ్య పురిటి రోజుల ముక్కలు. అనుకున్న నిడివి 95 నిమిషాలు.

మూడో ప్రతి దాకా పేదరికమంతా వర్ణనలోనే ఉంది. మసి గోడ, చిరుగుల దుప్పటి, ఖాళీ బియ్యం డబ్బా. చదివిన వాళ్లు అయ్యో పాపం అన్నారు తప్ప, తర్వాత ఏమవుతుందోనని ఎవరికీ గుబులు పుట్టలేదు. కారణం వెతికితే దొరికింది. ఏ సీన్లోనూ ఆమె చేతిలో ఎంత ఉందో రాయలేదు. నాలుగో ప్రతిలో ప్రతి సీను శీర్షిక కింద రెండు గడులు పెట్టాం. ఒకటి ‘చేతిలో’, రెండోది ‘పాప’. మొదటి దాంట్లో రూపాయలు. రెండో దాంట్లో ఆఖరిసారి పాలు తాగి ఎన్ని గంటలైందో. ఈ రెండు అంకెలూ తెలియకుండా ఏ సీనూ రాయకూడదన్నది నియమం.

నాలుగో రోజు చిట్టా ఇలా ఉంది. 41వ సీన్లో చేతిలో 180. 42లో దండల కూలి 120 వచ్చింది, 300. 43లో జ్వరం చుక్కల మందు 45, మిగిలింది 255. 44లో షేర్ ఆటో 20, మిగిలింది 235. 46లో మందుల షాపు. పాలపొడి డబ్బా 425. 47లో పక్కింటి అక్క దగ్గర చేబదులు 200, మొత్తం 435. డబ్బా కొన్నాక 10. తిరుగు ఆటోకి 20 కావాలి. అందుకని 48వ సీన్లో పాపని చంకనేసుకుని నడుస్తుంది. మూడో ప్రతిలోనూ ఈ నడక ఉంది, కానీ అక్కడ ‘బరువెక్కిన మనసుతో’ నడిచింది. ఇప్పుడు పది రూపాయలు తక్కువై నడుస్తోంది. ఆ సీనుకి ఇంక మాటలు అక్కర్లేకపోయాయి, రెండు డైలాగులు కొట్టేశాం.

వయసు దగ్గర చిక్కు

పదిహేడేళ్ల తల్లి అనగానే కథలోకి చట్టం వచ్చి కూర్చుంటుంది. పద్దెనిమిది నిండని అమ్మాయి గర్భంతో ఆసుపత్రికి వస్తే, 2012 నాటి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి పోలీసులకి చెప్పి తీరాలి. పెళ్లయిందన్నా మినహాయింపు లేదు. అందుకే ఆమె ప్రతిచోటా పంతొమ్మిది అని చెబుతుంది. తల్లీ బిడ్డల కార్డులో 19, ఆధార్‌లో 17. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పడకుండా చూసుకోవడమే ఆమెకి ఆరు రోజుల పని. విలన్ అవసరం లేదు.

ఇదేదో అరుదైన కథ అనుకునేవాళ్ల కోసం ఒక్క అంకె చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. దేశం మొత్తం మీద అది 6.8.

రాతలో ఒక తప్పు దొర్లింది. అంగన్‌వాడీ సీన్లో పాపకి బాలామృతం ప్యాకెట్ ఇప్పించేశాం. అది ఆరు నెలలు నిండిన పిల్లలకి. నాలుగు నెలల పాపకి అక్కడ దొరికేది తూకమే. ఆ తూకాన్నే సీను చేశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో నాలుగు నెలల ఆడపిల్లకి మధ్యస్థ బరువు 6.4 కిలోలు, తక్కువ బరువు గీత 5.0. కథలో పాప 5.2. కాటా ముల్లు గీతకి ఇవతలే ఆగుతుంది. టీచరమ్మ ‘పర్లేదులే’ అంటుంది. ఆ ‘పర్లేదులే’ అన్నది ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో రెండు వందల గ్రాముల తేడాలో కనిపించాలి.

నటి, పిల్లలు, అనుమతులు

తల్లి పాత్రకి మైనర్‌ని తీసుకునే ప్రశ్నే లేదు. 21 ఏళ్ల అమ్మాయి, కృష్ణా జిల్లా యాస పుట్టుకతో ఉన్నది. ఆడిషన్‌లో ఏడుపు అడగలేదు. ఒక చేత్తో బరువు మోస్తూ రెండో చేత్తో అగ్గిపుల్ల గీసి స్టవ్ వెలిగించమన్నాం. పిల్లని ఎత్తుకోవడం అలవాటున్న వాళ్లు నడుం పక్కకి వంచి, పెట్టె మోకాళ్ల మధ్య పెట్టుకుని గీస్తారు. లేనివాళ్లు బరువు కింద పెట్టేస్తారు.

పాప పాత్రకి కవలలు. ఇద్దరికీ విడివిడిగా కాగితాలు. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ, 2017 నియమాల ప్రకారం షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. ఫారం ‘సి’లో హామీ పత్రం, అది ఆరు నెలలే చెల్లుతుంది. రోజుకి అయిదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్. గంటల లెక్కలు గరిష్ఠాలు. నాలుగు నెలల పాపతో అయిదు గంటలన్నది కాగితం మీది మాట. కాల్‌షీట్‌లో పెట్టుకున్నది ఒక్కో పాపకి రోజుకి నలభై నిమిషాలు, ఇరవై ఇరవై చొప్పున, పాలు తాగి నిద్ర లేచిన తర్వాత. పాప షాట్లకి టైము నిర్మాత చెప్పడు, పాప తల్లి చెబుతుంది.

మూడు నెలల లోపు శిశువుని కెమెరా ముందు పెట్టొద్దని బాలల హక్కుల జాతీయ కమిషన్ మార్గదర్శకం. కాబట్టి పురిటి రోజుల సీన్లలో అసలు బిడ్డే లేదు. తువ్వాలు మూట, దాని కొస, శబ్దం. అంతే.

కవలల ముఖాల పోలిక కప్పలేని ఒక చిన్న సంగతి దాదాపు దెబ్బ తీసింది. పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ టీకా కొన్ని వారాలకి పొంగి, పుండై, మచ్చ కడుతుంది. కవలల్లో ఒకరికి మచ్చ శనగబద్దంత, రెండోవారికి దాదాపు కనపడదు. ఇద్దరినీ ఒకే పాపగా చూపాలంటే ఎడమ భుజం కెమెరాకి చిక్కకూడదు. పసిపిల్లల ఒంటికి మేకప్ వేయొద్దనేది మా నియమం. అందుకని పాప బట్టలన్నీ మోచేతి దాకా చేతులున్న జుబ్బాలకి మార్చేశాం. చలికాలం కథ కావడం కలిసొచ్చింది. నీళ్లు పోసే సీనులో ఒక్క పాపే.

బొమ్మ తయారీ

మెట్లు, బిందె, వంట, రాత్రి నడక, చీర ఉయ్యాల. వీటిల్లో ఎక్కడా నిజం పాప ఉండదు. అంటే సగం సినిమా బొమ్మ మీద ఆధారపడుతుంది.

మొదటి బొమ్మకి ఇసుక నింపాం. బరువు సరిపోయింది, కానీ నటి ఎద మీద పెట్టిన చిన్న మైకులో ప్రతి అడుక్కీ గరగర. బియ్యం కూడా అంతే. మూడోసారి సైకిల్ బేరింగ్ గుళ్లు. వాటిని దూదిలో పొరలు పొరలుగా పేర్చి, పాత మేజోళ్లలో కుక్కి, పైన రెండు వరసల మెత్తటి నూలుగుడ్డ. చప్పుడు పోయింది. తూకాలు: తల 1.2 కిలోలు, నడుం పిర్రలు 1.6, ఛాతీ పొట్ట 1.4, కాళ్లూ చేతులూ నాలుగూ కలిపి ఒక కిలో. మొత్తం 5.2, కథలో పాప బరువే.

తల బరువు కన్నా మెడ ముఖ్యం. దుకాణంలో దొరికే బొమ్మకి మెడ గట్టిగా ఉంటుంది. రెండో రోజు రిహార్సల్‌కే నటి అరచెయ్యి మెడ కింద నుంచి జారి వీపు మీదికి వచ్చేసింది. అదే క్షణంలో చూసేవాడికి అది బొమ్మని తెలిసిపోతుంది. అందుకని మెడ దగ్గర గట్టి పుల్ల తీసేసి గుడ్డ కీలు పెట్టాం. చెయ్యి తీస్తే తల టక్కున వెనక్కి వాలిపోతుంది. అప్పట్నించీ ఎవరూ చెప్పకుండానే ఆమె చెయ్యి అక్కడికే పోయింది. మూడు వారాలు బొమ్మని ఆమెతోనే ఇంటికి పంపాం. తిరిగొచ్చేసరికి ఎడమ భుజం కొద్దిగా కిందికి దిగి ఉంది. నేర్పితే రాదది.

పైన కనబడే తల, చేతులు సిలికాన్. మెరుపు తగ్గించడానికి టాల్కం పౌడర్, వేళ్ల సందుల్లో కాటుక మరక, నుదుట దిష్టిచుక్క. చుక్క ప్రతిరోజూ ఒకేచోట పడదు, పెట్టే తల్లి చెయ్యి కదులుతుంది. కంటిన్యూటీ (షాటుకీ షాటుకీ పొంతన) చూసే అసిస్టెంట్ దాన్ని స్కేలుతో కొలిచి పెడుతుంటే ఆపాం. కొత్త రోజు మొదలైతే చుక్క కొత్తచోట పడాలి.

చీర ఉయ్యాల: పాత నూలు చీర మధ్యకి మడిచి, పైదూలానికి రెండు చుట్లు తిప్పి ముడి, లోపల రెండు అంచులూ దగ్గరికి ముడుచుకుపోకుండా అడ్డంగా మూరెడు కర్ర. సిల్కు కలిసిన చీర వాడితే ముడి జారుతుంది. రేకుల గదిలో దూలం అనేది చాలాచోట్ల రెండంగుళాల ఇనప పైపే. బొమ్మ బరువుకి దాదాపు మూడింతలు, పదిహేను కిలోల ఇసుక మూట రాత్రంతా వేలాడదీసి చూశాక గానీ వాడలేదు. ఉయ్యాల కింది భాగం నేలకి ఒక అడుగు ఎత్తులోపే.

గది, వెలుగు

గది ఎనిమిది అడుగులు బై పది. రేకు తక్కువ వైపు ఏడడుగుల ఎత్తు. లైట్లు వేలాడదీయడానికి చోటు లేదు. తలుపు ఊడదీసి కెమెరా గుమ్మంలో పెడితే తప్ప గదంతా కనిపించే వైడ్ షాటు రాదు. లోపల ఉండేది నలుగురే: నటి, కెమెరా, కర్ర మైకు (బూమ్) పట్టుకునే మనిషి, ఫోకస్ చూసే మనిషి. పాలిచ్చే సీన్లకి ముగ్గురే, ముగ్గురూ ఆడవాళ్లు.

మొదటి టెస్టు ఫుటేజ్‌లో గోడ మీద నల్లటి చారలు పైనుంచి కిందికి పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకి వంద సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, 24 ఫ్రేముల మీద 180 డిగ్రీల షట్టర్‌కి, అంటే సెకనులో నలభై ఎనిమిదో వంతుకి, తెలుస్తుంది. షట్టర్ 172.8 డిగ్రీలకి, అంటే సెకనులో యాభయ్యో వంతుకి మారిస్తే చారలు పోయాయి. అయినా బల్బులు మార్చేసి, లోపల సరైన డ్రైవర్ ఉన్న 9 వాట్ల తెల్ల బల్బులే పెట్టాం. చూడ్డానికి అవే. పగలు గుమ్మంలోంచి వచ్చే ఎండకి ఎదురుగా ఒక థర్మాకోల్ షీటు, అంతకు మించి లైటింగ్ లేదు.

ఇక్కడ ఒక మాట. పేదవాళ్ల సినిమా అనగానే డి.ఐ.లో (షూటింగ్ తర్వాత రంగులు సర్దే దశలో) పసుపూ పాచిరంగూ పూసి, గిన్నెలకి మసి రాయడం ఒక జబ్బు. కొండ మీది ఇళ్లకి వెళ్తే గోడలు నీలం, గులాబీ. స్టీలు గిన్నెలు అద్దంలా తళతళలాడుతుంటాయి, ఎందుకంటే ఇంట్లో మెరవడానికి ఉన్నవి అవే. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ తెచ్చిన మసి గిన్నెలు తిప్పి పంపించి, సబీనా పొడి తెప్పించాం.

బట్టలు అలా కాదు, వాటికి వాడకం కనపడాలి. మూడు నైటీలు, రెండు చున్నీలు. సోడాతో పదిసార్లు ఉతికి ఎండేయడం, ఎడమ భుజం మీద మాత్రం ప్యూమిస్ రాయితో రుద్దడం. పిల్లని ఎత్తుకునేది అటే కాబట్టి బట్ట అక్కడే పలచబడుతుంది. పాలు కక్కిన మరక కూడా అటే. రొమ్ము చేపి తడిసిన గుర్తులకి వట్టి నీళ్లు రాస్తే లైటు వేడికి పది నిమిషాల్లో ఆరిపోయి టేకుకీ టేకుకీ పొంతన కుదరలేదు. నాలుగు వంతుల నీళ్లకి ఒక వంతు గ్లిజరిన్ కలిపితే గంట నిలిచింది.

పాలపొడి డబ్బా

ఈ ఒక్క వస్తువు మీద పోయినంత టైము దేని మీదా పోలేదు. మొదట తయారు చేయించిన డబ్బా మీద బోసినవ్వుల పాప బొమ్మ ఉంది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం అలాంటి డబ్బా మీద పసిపిల్లల బొమ్మగానీ స్త్రీ బొమ్మగానీ వేయకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమన్న హెచ్చరిక ఉండాలి. ఆ డబ్బాని పక్కన పడేసి, పేరు మాత్రం కల్పించి, మిగతా అక్షరాలన్నీ నియమం ప్రకారం వేయించాం. ధర చీటీ: 425.

అసలు సమస్య వేరే. ఆమె పొడి ఎక్కువ రోజులు రావాలని పలచగా కలుపుతుంది. మామూలు లెక్క 30 మి.లీ. నీళ్లకి ఒక చెంచా. డబ్బా అడుగంటినప్పుడల్లా ఆమె 60కి ఒకటి వేస్తుంది. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని, పాప బరువు 5.2 దగ్గర ఆగడానికి ఇదే కారణం. కానీ సీసాలో ఆ పాలూ ఈ పాలూ కెమెరాకి ఒకేలా తెల్లగా కనిపించాయి. పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. మరో పాత్రతో చెప్పించడం సులువు, కానీ కుదరదు, ఎందుకంటే ఇది ఎవరికీ తెలియకుండా చేసే పని.

దారి చెంచా దగ్గర దొరికింది. రెండో రోజు సీన్లో సీసాకి నాలుగు చెంచాలు, ప్రతి చెంచాకీ అంచు మీద గీసి సమం చేస్తుంది, గీక్ గీక్ మని నాలుగుసార్లు. నాలుగో రోజు అదే సీసా, అదే 120 గీత దాకా నీళ్లు, కానీ శబ్దం రెండుసార్లే. తర్వాత చెంచా డబ్బా అడుగుకి తగిలి టంగుమంటుంది. షాటు ఆమె ముఖం మీద, సీసా కనపడదు. ఆ గీకుడు విడిగా రికార్డు చేశాం. ప్లాస్టిక్ డబ్బాలో అడుగు మోగదు, రేకు డబ్బాయే కావాలి.

శబ్దం

లైవ్ సౌండ్, అంటే షూటింగులోనే శబ్దం పట్టడం అన్నది మా మొండిపట్టు. కొండ మీద అది రోజూ పరీక్ష పెట్టింది. ధనుర్మాసం కాబట్టి తెల్లవారుజాము నుంచి మైకుల్లో తిరుప్పావై. కథకి బాగుంటుంది, కానీ మైకులో వేసేది ఎవరో పాడిన రికార్డు, దాని హక్కులు వేరే వాళ్లవి. అది డైలాగు వెనక పడితే ఆ టేకు చెత్తబుట్టకే. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఎండ తగిలి రేకులు వ్యాకోచించి టక్ టక్ మంటాయి. ఆ గంటలో బయట మెట్ల మీద మాటల్లేని షాట్లు పెట్టుకున్నాం. రేకుల చప్పుడుని మాత్రం వదల్లేదు, అరగంట విడిగా పట్టాం. ఒంటరిగా ఉన్న గదికి అంతకన్నా మంచి సంగీతం లేదు. భవానీ దీక్షల విరమణ రోజుల్లో గుడి పరిసరాల్లో షూటింగ్ ఊసే ఎత్తలేదు.

పాప ఏడుపు కోసం పాపని ఏడిపించలేదు. కవలల తల్లికి చిన్న రికార్డర్ ఇచ్చాం, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఆకలి ఏడుపు, నిద్ర ఏడుపు, కారణం లేని సాయంత్రపు రాగం, అన్నీ ఇంట్లో వాటంతటవే వచ్చినప్పుడు పట్టినవే. పురిటి సీన్లకి అవి పనికిరావు. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు పొట్టిగా, బొంగురుగా, తెగి తెగి వస్తుంది. నాలుగు నెలల పాప ఏడుపులో అప్పటికే అలక ఉంటుంది.

మెట్లు, బిందె

బిందె నిండా నీళ్లు, చంకలో బొమ్మ, నూట ఇరవై మెట్లు. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలు, బొమ్మతో ఇరవై దాటింది. మొదట సగం నీళ్లతో తీశాం. నడక తేలిపోయింది. పైగా సగం బిందె ఎక్కువ చప్పుడు చేస్తుంది, డబ్ డబ్ మని. నిండు బిందె అంచు దగ్గర ఒలుకుతుందే తప్ప మోగదు. చివరికి నిండు బిందెతో ఆరు మెట్లు మాత్రమే దగ్గరగా, మిగతావి దూరం నుంచి సగం బిందెతో, శబ్దం లేకుండా. మెట్ల తడి ఆరే దాకా రెండో టేకు లేదు.

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడ్డ తర్వాత వానాకాలంలో ఈ వాలు మీద యూనిట్‌ని ఎక్కించాలన్న ఆలోచనే పెట్టుకోలేదు. వాన సీను గదిలోంచే. రేకు మీద పదడుగుల పీవీసీ పైపు, మూడంగుళాలకో రెండు మిల్లీమీటర్ల రంధ్రం, రెండు డ్రమ్ముల నీళ్లు. ఆ నీళ్లు కింద నుంచి మోయించి తెచ్చినవి. కుళాయి వంతుల నీళ్లు ముట్టుకోలేదు.

ఎడిటింగ్, మూడో కట్

తొలి కట్ 131 నిమిషాలు. ఇప్పుడు 98. పోయిన వాటిలో 43వ సీను ఉంది, జ్వరం చుక్కల మందు కొనేది. బాగానే వచ్చింది, కానీ ఆసుపత్రి సీనుకి ముందు కథని నిలబెట్టేస్తోంది. తీసేశాం. రెండు రోజుల తర్వాత చిట్టా చూసుకుంటే 45 రూపాయలు మిగిలిపోయాయి. అంటే డబ్బా కొన్నాక చేతిలో 10 కాదు, 55. యాభై అయిదు ఉన్న పిల్ల ఆటో ఎందుకు ఎక్కదు? రాత్రి నడక మొత్తం కూలిపోయింది.

సీను తిరిగి పెడితే నడక నిలుస్తుంది, సినిమా కుంటుతుంది. డబ్బా ధర 470 చేద్దామంటే 425 చీటీ క్లోజప్‌లో ఉంది. దుకాణంలో షాపాయన వీపు తిప్పి పైఅర నుంచి డబ్బా దించే నాలుగు సెకన్లున్నాయి, మూతి కనపడదు. అక్కడ డబ్బింగ్‌లో ఒక్క ముక్క: ‘పాత బాకీ నలభై అయిదుందమ్మా, అది కూడా పట్టుకుంటున్నా.’ లెక్క మళ్లీ పదికి వచ్చింది. పైగా ఆ మాటతో ఆమె ఇంతకు ముందు కూడా ఇక్కడికి వచ్చిందని తెలిసింది. తీసేసిన సీను ఎప్పుడూ అంత చెప్పలేదు.

సెన్సార్‌కి వెళ్లే ముందు మిగిలినవి: తూకం సీనులో కాటా శబ్దం, తెలంగాణ వాళ్లకి తట్టని రెండు కృష్ణా మాటలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో సర్దుబాటు, ఒక ఇన్సర్ట్ (సీను మధ్యలో వేసే దగ్గరి షాటు). ఇన్సర్ట్‌లో ఆమె అరచేతిలో మిగిలిన పది. షూటింగులో నాణెం పెట్టాం. రష్ (ఎడిట్ చేయని ఫుటేజ్) చూసిన వాళ్లలో ఇద్దరు, పది నాణెం మా వైపు కొట్లలో తీసుకోవడం లేదు కదా, అందుకే నడుస్తోందా అని అడిగారు. చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా ఆ అనుమానం పోలేదు, అది మా సీనులోకి వచ్చి పడింది. నోటుతో మళ్లీ తీయాలి. కావలసినవి: నటి ఎడమ చెయ్యి, గాజుల కంటిన్యూటీ ఫోటో, రెండో నైటీ, షాపు బల్ల మీది పచ్చ రెగ్జిన్ ముక్క, నలిగిన పది నోట్లు మూడు.